ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి లండన్‌కి నలభై నిమిషాలు

అమెరికాలో, డాలస్ పక్కనుండే ఫ్రిస్కోలో కారు నడపడం రాని మనిషికి కాళ్ళున్నా లేనట్టే. పాలు కావాలన్నా, గుడికి వెళ్ళాలన్నా, క్షవరం చేయించుకోవాలన్నా ఇంకొకళ్ళ తీరిక కోసం ఎదురుచూడాలి. ధర్మారావుకి కారు నడపడం రాదు. ముప్ఫై ఒక్కేళ్ళు ఆర్టీసీలో పనిచేసి, అందులో చివరి పన్నెండేళ్ళూ ఏలూరు బస్టాండులో కంట్రోలరుగా కూర్చుని, రోజుకి కొన్ని వందల బస్సుల్ని టైముకి పంపించిన మనిషి, అరవై రెండో ఏట కూతురి ఇంటికి వచ్చి, తను చెయ్యి ఊపితే ఒక్క బండీ కదలని ఊళ్ళో పడ్డాడు.

గ్రీన్‌కార్డు చేతికొచ్చాక 2006లో భార్యాభర్తలిద్దరూ వచ్చేశారు. కూతురు నళిని, అల్లుడు పొద్దున్నే ఆఫీసులకి వెళ్ళిపోతే ఇంట్లో మిగిలేది వీళ్ళిద్దరే. భార్య ఛాయాదేవికి ఏ ఊరైనా ఒకటే. వచ్చిన నెలకే పెరట్లో గోంగూర మొలిపించింది, వీధిలో నలుగురు తెలుగు ఆడవాళ్ళని పోగేసుకుంది. ధర్మారావుకే తోచేది కాదు. మొదటి ఆరు నెలలూ కిటికీ దగ్గర కూర్చుని, ఇంటి ముందు ఆగే స్కూలు బస్సు టైములు ఒక నోటుపుస్తకంలో రాశాడు. ఏడూ పన్నెండు. ఏడూ పదమూడు. ఒక మంగళవారం ఏడూ పదహారయ్యేసరికి ఆగలేక బయటికి వెళ్ళి, డ్రైవరమ్మకి నాలుగు నిమిషాలు ఆలస్యమైందని మర్యాదగానే చెప్పాడు. ఆవిడ నవ్వి థాంక్యూ సర్ అంది. సాయంత్రం సంగతి తెలిసి నళిని మాత్రం నవ్వలేదు.

"నాన్నా, ఇక్కడ అలా బస్సు దగ్గరికి వెళ్ళి నిలబడకూడదు. ఎవరైనా కంప్లైంట్ చేస్తారు."

"కంప్లైంట్ నేను చేయాలి. నామీద వాళ్ళు చేసేదేంటి?" అన్నాడాయన. నోటుపుస్తకం మాత్రం సొరుగులో పెట్టేశాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు అన్నం కూడా సరిగా తినలేదు. పని లేకపోవడం కన్నా, తన పని ఎవరికీ అక్కర్లేకపోవడం ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది.

అలాంటి రోజుల్లో అదే వీధిలో కొడుకు దగ్గరుండే లీలావతి ఒక మధ్యాహ్నం టిక్కెట్టు కాగితాలు పట్టుకుని వచ్చింది. తెనాలి వెళ్ళాలి. తోడు ఎవరూ లేరు. మధ్యలో విమానం మారాలి.

"దేశంకాని దేశంలో దిగి ఇంకోటి ఎక్కాలట అన్నయ్యగారూ. ఎంతసేపు కూర్చోవాలో, ఎక్కడ లేవాలో నాకేం తెలుస్తుంది? ఊరొచ్చింది దిగండమ్మా అని అరవడానికి విమానంలో కండక్టరు ఉంటాడా?"

ఉండడని ధర్మారావుకి తెలుసు. ఉన్నా ఇంగ్లీషులో అరుస్తాడు. ఆయన టిక్కెట్టు తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, స్కేలుతో గీతలు కొట్టి, బస్టాండులో బోర్డు రాసినట్టు పెద్ద పెద్ద అక్షరాలతో తెలుగులో ఒక చీటీ రాసిచ్చాడు. ఎక్కే ఊరు, దిగే ఊరు, మధ్య దూరం, బయలుదేరే టైము, చేరే టైము, ప్రయాణకాలం. పక్కనే, ఆవిడకి అర్థమయ్యేటట్టు, ఫలానా దూరం మన తెనాలి నుంచి ఫలానా ఊరంత అని. అడుగున నిబంధనలు. దిగగానే వాచీని అక్కడి గోడ గడియారంతో సరిచేసుకోవాలి. సంచీ ఒళ్ళోనే ఉంచుకోవాలి. ఆఖరిది ఆయన బస్టాండు అనుభవం మీద రాసింది: రాసిన ప్రయాణకాలం మీద అరగంట దాటినా ఊరు రాకపోతే వేరే బండి ఎక్కినట్టు లెక్క. వెంటనే లేచి టిక్కెట్టు చూపించాలి.

జంగారెడ్డిగూడెం బస్సు అనుకుని చింతలపూడి బస్సెక్కి, చీకటి పడ్డాక ఏడ్చుకుంటూ తిరిగొచ్చిన వాళ్ళని ఆయన ఎంతమందినో చూశాడు. అందుకే ఆ నిబంధన కింద రెండు గీతలు గీశాడు.

లీలావతి క్షేమంగా వెళ్ళి క్షేమంగా వచ్చింది. వచ్చి, గుడిలో పదిమంది ముందు ఆ చీటీ గురించి చెప్పింది. ఇంకేముంది, పక్క ఊళ్ళైన ప్లేనో నుంచి ఒకరు, ఇర్వింగ్ నుంచి ఒకరు ఫోన్లు. ఆదివారం గుడికి వెళితే ఒక చేత్తో పులిహోర ప్లేటు పట్టుకునే మనుషులు టిక్కెట్లు చాపేవాళ్ళు. అమ్మ ఒక్కతే వెళ్తోంది అంకుల్, మీ చీటీ ఉంటే మాకు టెన్షన్ ఉండదు, అనేవాళ్ళు. ధర్మారావు మళ్ళీ ఇస్త్రీ చొక్కా వేసుకోవడం మొదలుపెట్టాడు. ఈ దేశంలో ఆయనకి దొరికిన ఉద్యోగం అదే. జీతం లేదు, సెలవూ లేదు, అయినా ఆయన ఏలూరులో ఉన్నప్పటికన్నా సంతోషంగా ఉన్నాడు. ముప్ఫై ఒక్కేళ్ళలో తను రాసిన టైము తప్పని ఎవరూ అనలేదు, ఇక్కడా అనరు అని భార్యతో అప్పుడప్పుడూ చెప్పుకునేవాడు.

2009 మొదట్లో తాడేపల్లిగూడెంలో ఛాయాదేవి అన్నగారి మనవరాలి పెళ్ళి కుదిరింది. అదే నెలలో ధర్మారావుకి హెర్నియా ఆపరేషన్ అయింది. బరువు ఎత్తకూడదు, ప్రయాణం చేయకూడదు అన్నారు డాక్టర్లు. ఛాయాదేవి తన అరవై ఏళ్ళలో భర్త లేకుండా భీమవరం కూడా వెళ్ళిన మనిషి కాదు. బస్సులో ఆయన వెనక ఎక్కడం, ఆయన వెనక దిగడం తప్ప టిక్కెట్టు ముట్టుకోలేదు. మానేస్తాను లెండి అంది. నేనుండగా నువ్వు మానేయడమేంటి, చీటీ ఉందిగా, అన్నాడాయన.

నళిని తక్కువలో దొరికిందని కొన్న టిక్కెట్టు కొంచెం వంకర దారి. డాలస్ నుంచి లండన్, అక్కడ మారి ఫ్రాంక్‌ఫర్ట్, అక్కడ ఇంకోసారి మారి హైదరాబాద్. రావడం కూడా అదే దారిలో. ఐరోపాలో రెండు ఊళ్ళ మధ్య విమానం ఆయన చీటీల్లోకి రావడం అదే మొదలు. నళినిని పక్కన కూర్చోబెట్టుకుని కంప్యూటర్‌లో దూరం చూడమన్నాడు. రెండు ఊళ్ళ పేర్లు కొడితే మధ్య దూరం, విమానం పట్టే టైము చెప్పే పేజీ ఒకటుంది.

"ఆరొందల నలభై కిలోమీటర్లు నాన్నా. ఫ్లైట్ టైమ్ గంటా పదిహేడు నిమిషాలు అంటోంది."

"దూరం చాలు. టైము నేను టిక్కెట్టులోంచి తీసుకుంటాను. ఆ పేజీవాడికి ఏ బండి ఎప్పుడు కదులుతుందో ఏం తెలుసు?"

టిక్కెట్టు ప్రకారం లండన్‌లో పన్నెండున్నరకి బయలుదేరితే ఫ్రాంక్‌ఫర్ట్ చేరేది మూడూ పదికి. రెండు గంటల నలభై నిమిషాలు. తిరుగుప్రయాణంలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పదకొండింటికి బయలుదేరితే లండన్ పదకొండూ నలభైకి. అంటే నలభై నిమిషాలు. వెళ్ళేటప్పుడు అంతసేపు, వచ్చేటప్పుడు ఇంతసేపా అని ఆయన ఒక్క క్షణం ఆగాడు. ఆగి, తనే సర్దిచెప్పుకున్నాడు. రాజమండ్రి డిపోలో ఉన్నప్పుడు మారేడుమిల్లి ఘాట్ రోడ్డు మీద ఎక్కే బస్సుకీ దిగే బస్సుకీ టైము ఒకటా? ఆకాశంలో ఎదురుగాలి, వాలుగాలి ఉంటాయని నళినే ఒకసారి చెప్పింది. అమెరికాలో ఊరికో గడియారం ఉంటుందని ఆయనకి తెలుసు, సముద్రం దాటే విమానాల ప్రయాణకాలం నళినిని అడిగే రాసేవాడు. కానీ ఐరోపా అంతా కలిపితే మన దేశమంత ఉంటుందేమో, మన దేశానికంతటికీ ఒకటే గడియారం, అక్కడ మాత్రం రెండెందుకుంటాయి? అందుకే ఆ వైపు ఇంక ఆలోచించలేదు. స్కేలుతో గీత కొట్టి రాశాడు. లండన్ - ఫ్రాంక్‌ఫర్ట్, విజయవాడ నుంచి బెంగుళూరంత దూరం, వెళ్ళేటప్పుడు 2-40, వచ్చేటప్పుడు 0-40.

ఛాయాదేవి ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి చేతిసంచీలో, వక్కపొడి డబ్బా కింద పెట్టుకుంది. వెళ్ళింది, పెళ్ళి చూసింది, మార్చి ఆఖరున తిరిగొచ్చింది. ఎయిర్‌పోర్టులో ధర్మారావు ఆవిడని చూడగానే అడిగిన మొదటి మాట, "చీటీ ప్రకారం అయిందా?"

"ఆ, అంతా బాగానే అయింది లెండి" అంది.

ఆ మాటతో ఆయన నడక మారింది. ఆపరేషన్ అయిన మనిషి, సూట్‌కేసు తనే లాగబోయాడు.

మే నెలలో లీలావతి మళ్ళీ బయలుదేరింది. ఆవిడకీ అదే వంకర దారి దొరికింది. ధర్మారావు భార్యకి రాసిందే మళ్ళీ అందంగా రాసి, భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి, గీత గీతకీ చదివి వినిపించాడు. ఛాయాదేవి కాఫీ గ్లాసులు పట్టుకొచ్చి, బల్ల పక్కన కాసేపు ఊరికే నిలబడింది. లీలావతిని వీధి గుమ్మం దాకా సాగనంపడానికి వెళ్ళింది. అప్పటికి ఇంకో ముగ్గురు కూడా అదే దారి చీటీ పట్టుకుని ఇండియా వెళ్ళారు.

జూలైలో లీలావతి తిరిగొచ్చింది. మూడు రోజులు నిద్రపోయి, నాలుగోరోజు సాయంత్రం వచ్చి కూర్చుంది. ఛాయాదేవి పెరట్లో మొక్కలకి నీళ్ళు పెడుతోంది. లీలావతి కోపం తెలియని మనిషి. అందుకే ఆవిడ మెల్లగా చెబుతుంటే ధర్మారావుకి మరీ కష్టమైంది.

"నలభై నిమిషాలైంది, దిగలేదు అన్నయ్యగారూ. సరే, అరగంట చూడమన్నారుగా అని చూశాను. అదీ అయింది. కిటికీలోంచి చూస్తే కింద నీళ్ళు. ఇంగ్లీషు వాళ్ళ ఊరికి నీళ్ళు దాటాలని నాకేం తెలుసు? వేరే బండి ఎక్కేశాను, ఏ దేశం తీసుకుపోతున్నారో అనుకున్నాను. లేచి నిలబడి మీ చీటీ చూపించాను. వాళ్ళు దాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశారు. తెలుగు ఎవరికొచ్చు? కూర్చోమని భుజం పట్టుకున్నారు. నేను ఏడ్చేశాను. పక్కనున్న తెల్లావిడ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది."

ధర్మారావు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు.

"ఏమనుకున్నానో తెలుసా? మా అబ్బాయి డాలస్‌లో వచ్చి నిలబడి ఉంటాడు, నేను దిగను, వాడు ఎవర్ని అడుగుతాడు అనుకున్నాను. అప్పుడు వదినగారు ఆరోజు గుమ్మంలో చెప్పిన మాట గుర్తొచ్చింది. 'ఆ నలభై నిమిషాల దగ్గర కొంచెం అటూ ఇటూ అవుతుంది, మీరు మాత్రం లేవకండి' అంది కదా. ఆ మాట పట్టుకుని కూర్చున్నాను. ఇంకో అరగంటకి లండనే వచ్చింది."

ఆవిడ వెళ్ళిపోయాక ధర్మారావు నళినిని పిలిచి అడిగాడు. ఆ అమ్మాయి ఒక్క నిమిషంలో తేల్చేసింది. "లండన్ క్లాక్ గంట వెనకుంటుంది నాన్నా. అటు వెళ్ళినా ఇటు వచ్చినా గంటా నలభై నిమిషాలే. నేలమీద టాక్సీయింగ్ చేసే టైము తీసేస్తే ఆ పేజీలో చెప్పిందీ దగ్గర దగ్గర అంతే." ఆయన పాత నోటుపుస్తకం తీసి లెక్క వేశాడు. ఆరువందల నలభై కిలోమీటర్లు. తను రాసిన ప్రకారం వెళ్ళేటప్పుడు నిమిషానికి నాలుగు కిలోమీటర్లు, వచ్చేటప్పుడు నిమిషానికి పదహారు. దూరమూ టైమూ రెండూ తన చేత్తోనే పక్కపక్కన రాసి, ఒకదాన్ని ఇంకోదానితో భాగించి చూడలేదు. ఐదు నిమిషాలు దొంగలెక్క చెప్పిన డ్రైవర్లని ఆ భాగహారంతోనే పట్టుకుని నిలబెట్టి కడిగేసేవాడు. ఆయనకి సిగ్గేసింది.

సిగ్గు వెనకే కోపం వచ్చింది. పెరటి తలుపు తీసుకుని వెళ్ళాడు.

"నీకు తెలుసు."

ఛాయాదేవి నీళ్ళ గొట్టం ఆపింది. ఏమిటని అడగలేదు. లోపలికి వెళ్ళి, చేతిసంచీ తెచ్చి, వక్కపొడి డబ్బా కింద నుంచి చీటీ తీసి ఇచ్చింది. మడతల దగ్గర చిరుగుపట్టింది. 2-40 పక్కనా, 0-40 పక్కనా చిన్న అక్షరాలతో పెన్సిల్‌తో ఒకే అంకె ఉంది. 1-40.

"నాలుగు నెలలు ఇది సంచీలో పెట్టుకుని తిరిగావా? లీలావతిగారు ఆకాశంలో ఏడ్చింది. పాపం ఎవరికి?"

"నాకే" అంది ఛాయాదేవి. "ఆవిడకి గుమ్మంలో చెప్పాను. సరిగా చెప్పలేదు. సరిగా చెప్తే ఆవిడ గుడిలో అందరికీ చెబుతుంది. మీరు ఇంక చీటీలు రాయరు. మళ్ళీ ఆ కిటికీ దగ్గర కూర్చుంటారు. అది నేను చూడలేనండీ."

ఆయన కోపానికి పట్టు దొరకలేదు. పెన్సిల్ అంకె మీద వేలు పెట్టి, "నీకెలా తెలిసింది? గోడ గడియారం చూసి వాచీ మార్చుకోమని రాశాను కదా. మార్చుకుంటే నలభై నిమిషాలే కనబడుతుంది" అన్నాడు.

"నేను వాచీ మార్చలేదు."

"ఎక్కడా?"

"ఎక్కడా మార్చలేదు. పెళ్ళిలో కూడా మార్చలేదు. మా వదిన నవ్వింది, పట్టపగలు నా వాచీలో అర్ధరాత్రి అని. మీకు ఆపరేషన్ అయి ఇరవై రోజులు. నేను వాచీ చూసుకుంటే మీరు మాత్ర వేసుకునే టైమైందా, అన్నం తినే టైమైందా అని తెలియాలి కదా. అందుకని ఇక్కడి టైమే ఉంచుకున్నాను." ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది. "వెళ్ళేటప్పుడు నా వాచీలో గంటా నలభైకే దిగింది. వచ్చేటప్పుడు నలభై దాటేసరికి నాకూ భయం వేసింది. లేద్దామనే అనుకున్నాను. కానీ దారి ఒకటే కదా, వెళ్ళేటప్పుడు ఎంతసేపైందో వచ్చేటప్పుడూ అంతే అవ్వాలి అనుకుని కూర్చున్నాను. సరిగా అంతే అయింది."

ధర్మారావు ఆ పెన్సిల్ అంకెని చూస్తూ నిలబడ్డాడు. నలభై ఏళ్ళుగా తన వెనక ఎక్కి తన వెనక దిగుతుందనుకున్న మనిషి, ఒంటరిగా ఆకాశంలో, భయపడుతూనే, తను వేయని లెక్క వేసింది. గర్వపడాలో తలవంచుకోవాలో తెలియక రెండూ చేశాడు.

ఆ సాయంత్రం ఎనిమిదిన్నరకి, ఇండియాలో తెల్లవారి ఏడింటికి, ఆయన ఫోన్ దగ్గర కూర్చున్నాడు. ఆ దారి చీటీ పట్టుకెళ్ళిన ముగ్గురికీ వరసగా చేశాడు. గడియారాల కథ చెప్పి తప్పించుకోలేదు. నేను రాసిన టైము తప్పు, గంటా నలభై అని దిద్దుకోండి, అన్నాడు. ముగ్గురిలో ఒకాయన, ఈమాత్రానికేనా ఇంత పొద్దున్నే ఫోను, అని నవ్వాడు. ఆదివారం గుడిలో లీలావతి పక్కన నిలబడి పదిమందికీ అదే చెప్పాడు. చెప్పి, ఇంక ఎవరూ టిక్కెట్టు చాపరనుకుని, చెప్పుల దగ్గరికి నడిచాడు.

చెప్పుల దగ్గరికే వచ్చింది లీలావతి. "మా వియ్యపురాలు వచ్చే నెల వస్తోంది అన్నయ్యగారూ. అదే దారి. దిద్దిన చీటీ రాసివ్వరూ?"

ఇంటికొచ్చి రాశాడు. ఈసారి దూరాన్ని టైముతో భాగించాడు. రెండువైపులా నిమిషానికి ఆరు కిలోమీటర్ల పైచిలుకే వచ్చింది. అడుగున కుడిపక్క "రాసినవారు" అని సంతకం చేశాడు. ఎడమపక్క కొత్తగా "సరిచూసినవారు" అని రాసి, ఛాయాదేవిని పిలిచి కలం ఇచ్చాడు.

"నేనెందుకండీ?"

"బస్టాండులో నేను రాసినదాన్ని ఇన్‌స్పెక్టరు చూసి సంతకం పెట్టేవాడు. ఇక్కడికొచ్చాక చూసేవాళ్ళు లేరు. అందుకే తప్పు నిలబడింది."

బ్యాంకు కాగితాలైనా, గ్రీన్‌కార్డు కాగితాలైనా ఆయన వేలు పెట్టి చూపించిన చోటే ఛాయాదేవి ఎప్పుడూ సంతకం పెట్టింది. అలవాటుగా ఆయన వేలు కోసం చూసింది. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ముందు చదువు" అన్నాడు.

ఆవిడ కళ్ళజోడు తెచ్చుకుంది. మొదటి నుంచి చివరిదాకా పెదాలు కదుపుతూ చదివింది. ఆఖరి నిబంధన దగ్గర ఆగింది. టైము దాటినా ఊరు రాకపోతే వేరే బండి ఎక్కినట్టు లెక్క, లేచి టిక్కెట్టు చూపించాలి అన్న లైను. కింద రెండు గీతలతో సహా ఆ లైనంతా కొట్టేసింది. దానికింద తన చిన్న అక్షరాలతో రాసింది: "ఆలస్యమైతే కంగారుపడకండి. కూర్చోండి. ఊరు వస్తుంది."

అప్పుడు సంతకం పెట్టింది.